ఆ రాత్రి రాసిన లాగ్‌బుక్

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమనుకోకండి.

ఫార్మసీ కాలేజీల నాణ్యత మీద మాట్లాడమన్నారు. చట్టానికేం లోటు లేదండీ. 1948 ఫార్మసీ చట్టంలో పన్నెండో సెక్షన్ చూడండి. ఫార్మసీ కౌన్సిల్ ఆమోదించిన కోర్సు చదివితేనే ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్. ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉంది. కాలేజీల, కోర్సుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే న్యాక్, ఎన్‌బీఏ 1994 నుంచీ ఉన్నాయి.

సరే, అసలు సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కిందట నగర శివార్లలో ఒక కాలేజీలో పనిచేశాను. పేరు వద్దు. తెల్లారితే ఇన్‌స్పెక్షన్. రాత్రి తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో డిసల్యూషన్ మెషీన్ దిగింది, పక్క కాలేజీది. ఆరు జార్లు, 37 డిగ్రీల నీళ్లు, తిరిగే ప్యాడిల్. టాబ్లెట్ కరిగి మందు ఎంత సేపట్లో విడుదలవుతుందో చూసే మెషీన్. అటెండర్ బ్లేడుతో వాళ్ల స్టిక్కర్ గీకాడు, సగం ఊడింది. నేను కూర్చుని మూడు నెలల రీడింగులు లాగ్‌బుక్‌లో రాశాను. అవును, నేనే. ‘సార్, పెన్ను మార్చండి, అంతా ఒకే ఇంకులో ఉంది’ అని అతనే గుర్తుచేశాడు.

అదే పని కంపెనీలో చేస్తే ఉద్యోగం ఊడుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు పట్టుకుంటే ప్లాంటుకే వార్నింగ్ లెటర్.

మర్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన ఫైనలియర్ అమ్మాయిని పిలిచి, ‘ఏదీ, ఇది ఆన్ చెయ్యమ్మా’ అన్నాడు. ఆ పిల్ల నా వంక చూసింది. నాకు ఒకటే టెన్షన్. ఇంతలో ప్రిన్సిపాల్ ‘భోజనాలు చల్లారిపోతున్నాయి సార్’ అన్నారు. కదిలారు.

ఇక్కడ ఇన్‌స్పెక్షన్లకు వెళ్లేవాళ్లు ఎవరెవరున్నారు? చేతులెత్తక్కర్లేదు. బాబూ, చెప్పకుండా వెళ్లండి. మెషీన్లు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు, ముందు వెనక బెంచీ పిల్లల చేత ఆన్ చేయించండి. భోజనం ఆ తర్వాతే.

ఆ అమ్మాయి తర్వాత జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో చేరింది. చేరిన రోజు బాత్రూంలోంచి ఫోన్ చేసింది, గొంతు తగ్గించి. ‘సార్, జార్లో నీళ్లు ఎంతవరకు పోయాలి?’

ఆ టాబ్లెట్‌కి 900 ఎంఎల్. ఫోన్లోనే చెప్పాను.