గాలి వచ్చే దారి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగివచ్చి కూర్చున్నందుకు సంతోషం. ఇవాళ మన ఇళ్లలోకి గాలి ఎలా వచ్చి పోవాలో మాట్లాడుకుందాం.

ఎండుమిర్చి తాలింపు వేస్తే హాల్లో ఉన్నవాళ్లకు పొలమారుతుంది. మా ఇంట్లో చిమ్నీ పెట్టించిన రెండేళ్లకు కూడా అమ్మకు ఆ దగ్గు తగ్గలేదు. ఒకరోజు ఫాల్స్ సీలింగ్ విప్పి చూశాను. చిమ్నీ పైపును గోడ దాటించకుండా సీలింగ్ లోపలే వదిలేశారు. రెండేళ్ల నూనె జిడ్డు అంతా అక్కడే ఉంది. అప్పటిదాకా వైరింగ్ పని చేసుకునే నేను, ఎగ్జాస్ట్‌లు, డక్టుల (గాలి పోయే గొట్టాల) పనిలోకి వచ్చింది అందుకే.

పైపు సరిచేశాక కూడా పొగ పూర్తిగా పోలేదు. ఎందుకంటే వంట చేసేటప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉండేవి. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ నోట్లో పెట్టుకుని పీల్చి చూడండి. కాసేపటికి బాటిల్ నొక్కుకుపోతుందే గాని గాలి రాదు. ఫ్యాన్ ఎంత గాలి బయటికి నెడితే అంత గాలి లోపలికి రావాలి. మనం దారి ఇవ్వకపోతే అది బాత్‌రూమ్ డ్రెయిన్ నుంచి దుర్వాసనతో సహా లాక్కుంటుంది. చిమ్నీ వేసినప్పుడు ఎదురుగా ఉన్న కిటికీ నాలుగు వేళ్లు తెరవండి. పెద్ద ఫ్యాన్ కొనేముందు ఈ పని చేయండి.

ఇక పడకగది. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు. బయటి యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య తిరిగేది గ్యాస్ మాత్రమే. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మనకే ఇస్తుంది. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్ల చొప్పున కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ముగ్గురం పడుకునే మా గదిలో తెల్లవారుజామున మీటరు 2,300 చూపించింది. లేవగానే తల బరువుగా ఎందుకుండేదో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ చిన్నగా తిరుగుతుంటుంది, తలుపు కింద సందు వదిలాం.

"కిటికీ తీస్తే దోమలండీ" అంటారు. నిజమే, మన విజయవాడ కాలువల ఊరు. కానీ మూసిన గదిలో కాయిల్ వెలిగించకండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత అని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. పసిపిల్లలున్న ఇళ్లలో నేను బతిమాలి చెబుతున్నాను, ఆ డబ్బు కిటికీ మెష్‌కి పెట్టండి. మే నెల మధ్యాహ్నం కిటికీలు తీయమని ఎవరూ అనరు. తెల్లవారుజామున, రోడ్డు మీద బళ్లు మొదలవకముందు అరగంట తీస్తే చాలా తేడా ఉంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చిన ఇళ్ల సంగతి వేరు. గోడ ఆరకముందే పుట్టీ, పెయింటు వేసేసినచోట చెమ్మ లోపలే ఉండిపోయింది. ముక్కవాసన వచ్చే గోడకు మళ్లీ రంగు వేయకండి. పొర గీకించి, గాలి ఆడనిచ్చి ఆరబెట్టాలి.

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల ఉంటే మాత్రం రేపే బయటికి మార్పించండి. గాలి చాలని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లిన మనిషి తిరిగి రాకపోవచ్చు.

ఒక అగరుబత్తి తెచ్చాను. ఫస్ట్ ఫ్లోర్ అక్కయ్యగారు వాళ్ల వంటిల్లు చూడనిస్తామన్నారు. చిమ్నీ వేసి, దీన్ని తలుపు సందు దగ్గర పట్టుకుంటే పొగ ఎటు వంగుతుందో చూద్దాం, పదండి.