రింగ్ చిన్నది, పెట్టె మీద రాత పెద్దది

అందరికీ నమస్కారం.

స్మార్ట్‌వాచీ, ఇయర్‌బడ్స్, స్మార్ట్ రింగ్ లాంటివి తయారుచేసి దేశదేశాల్లో అమ్మేవాళ్లు టెస్టింగ్‌కి నెలలు కేటాయిస్తారు. పెట్టె సంగతి మాత్రం ఆఖరి వారానికి వదిలేస్తారు. నిజానికి వస్తువు చిన్నదయ్యేకొద్దీ చట్టం రాయమన్నదంతా వచ్చి చేరేది ఆ పెట్టె మీదికే. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

రింగ్‌నే తీసుకోండి. బ్లూటూత్ ఉంది కాబట్టి అమెరికాలో దానికి ఎఫ్‌సీసీ ఐడీ, అంటే అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ అనుమతిని చూపించే గుర్తింపు నంబరు కావాలి. తెర ఉన్న వాచీ అయితే ఆ ఐడీని సెట్టింగ్స్‌లో చూపించొచ్చు. రింగ్‌కి తెర ఎక్కడిది? నాలుగు పాయింట్ల సైజు అక్షరాలు కూడా పట్టని వస్తువైతే ఐడీని మాన్యువల్‌లో వేయాలి. దాంతోపాటు పెట్టె మీదో, ఊడదీసే స్టిక్కర్ మీదో కూడా ఉండాలి.

యూరప్‌లో సీఈ గుర్తు, అంటే వస్తువు అక్కడి నిబంధనలకు సరిపోతుందని తెలిపే గుర్తు, ఎత్తు మామూలుగా కనీసం 5 మిల్లీమీటర్లు. రేడియో పరికరాలకు కొంత సడలింపు ఉంది, స్పష్టంగా కనిపిస్తే ఇంకా చిన్నగా వేసుకోవచ్చు. అయితే వస్తువు మీద వేశాం కదా అని పెట్టెను వదిలేయడానికి లేదు, రెండిటి మీదా ఉండాల్సిందే.

బ్యాటరీ గుర్తు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మామూలు చెత్తలో వేయొద్దని చెప్పే, అడ్డగీతలు గీసిన చెత్తబుట్ట బొమ్మ యూరప్‌లో బ్యాటరీ పెద్ద ముఖంలో కనీసం 3 శాతం ఆక్రమించాలి. అలా లెక్కవేస్తే బొమ్మ సైజు 0.47 సెంటీమీటర్ల కంటే తగ్గిపోతే బ్యాటరీ మీద అక్కర్లేదు. బదులుగా పెట్టె మీద కనీసం సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పుతో వేయాలి. అంటే అక్కడ చోటు లేదని మినహాయించి, ఇక్కడ రెట్టింపు కంటే పెద్దది అడుగుతున్నారన్నమాట!

ఇక ఫ్రాన్స్‌లో రీసైక్లింగ్ కోసం వేరుచేయమని చెప్పే ట్రైమాన్ లోగో. ఇటలీలో అట్టపెట్టె ఏ రకం అట్టో చెప్పే కోడ్, ముడతల అట్టకి పీఏపీ 20, మామూలు అట్టకి పీఏపీ 21. కెనడాలో ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ. ఇయర్‌బడ్స్‌కైతే 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో యూఎస్‌బీ-సీ పోర్టు తప్పనిసరి, లోపల చార్జర్ ఉందో లేదో చెప్పే బొమ్మ కూడా పెట్టె మీద వేయాలి. స్మార్ట్‌వాచీలు ఆ జాబితాలో లేవు. రెండూ అమ్మే కంపెనీల్లో ఒకదాని పెట్టె ఆర్ట్‌వర్క్‌ని ఇంకోదానికి కాపీ కొట్టేటప్పుడు ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

రాత ఇలా పెరుగుతుంటే, మరోపక్క పెట్టె చిన్నదవ్వాలంటున్నారు. యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2025/40 ప్యాకేజింగ్ నిబంధన ప్రకారం, సరుకు ఎక్కువగా కనిపించాలని పెట్టెకు పెట్టే ఉత్తుత్తి అడుగు భాగాలు, రెండు పొరల గోడలు 2030 నుంచి కుదరవు. ప్రపంచమంతటికీ ఒకే పెట్టె అనే ఆలోచన నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒక దేశంలో ఒక గుర్తు మారితే మొత్తం స్టాకు మళ్లీ ప్రింట్ చేయాలి. లోపలి పెట్టె ఒకటే ఉంచి, పైన తొడిగే స్లీవ్‌ని ప్రాంతానికొకటి చేసుకోవడం మేలు.

గుర్తుల కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మార్కెటింగ్ వాక్యం. "నిద్రను గమనిస్తుంది" అంటే ఒక లెక్క, "నిద్రలో శ్వాస ఆగే జబ్బును గుర్తిస్తుంది" అంటే పూర్తిగా వేరే లెక్క. ఆ ఒక్క మాటతో మీ వస్తువు వైద్య పరికరం కిందికి వెళ్లిపోవచ్చు, ఎందుకంటే అది దేనికోసమో తేల్చడానికి అధికారులు మీ లేబుల్‌నే చూస్తారు. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామనే వాచీలు, రింగ్‌లు వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది. అలాంటి దేనికీ తాము అనుమతివ్వలేదని కూడా చెప్పింది. కాబట్టి పెట్టె మీది ప్రతి వాక్యాన్నీ కంపెనీలో నిబంధనలు చూసుకునే రెగ్యులేటరీ వాళ్లు చదవాలి. డిజైనర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకొక్కటి. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరప్‌లో బ్యాటరీలకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి. బ్యాటరీ మీద పట్టకపోతే అది పెట్టె మీదికి, వెంట ఇచ్చే కాగితాల మీదికి వస్తుంది. కొత్త పెట్టె గీస్తున్నవాళ్లు దానికి చోటు ముందే వదిలిపెట్టుకోండి, పక్కన ఖాళీ అంచుతో సహా. ఆ అంచు లేకపోతే స్కానర్ కోడ్‌ను చదవలేకపోవచ్చు.