పురుడు పుట్టింట్లో, ఇన్సూరెన్స్ హైదరాబాద్‌లో: బిడ్డ పుట్టకముందే డబ్బు ఎలా సర్దుకోవాలి?

నమస్తే అండీ. పిల్లల గురించి ఇప్పుడిప్పుడే ఆలోచిస్తున్న దంపతుల కోసం ఈ వీడియో. ఇప్పటికే నాలుగో నెలో ఐదో నెలో నడుస్తున్నవాళ్లు కూడా చూడండి, మీకు పనికొచ్చేవీ ఉన్నాయి.

వీడియో కాసేపు ఆపి, మీ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ పేపరు తెచ్చుకోండి. నేను ఆగుతాను.

(పాలసీ పేపరు కెమెరాకు దగ్గరగా)

తెచ్చుకున్నారా? ఇది నా పాత ఆఫీసు పాలసీ. పైన అయిదు లక్షలు అని ఉంది కదా. కాన్పుకి కూడా అంతా వస్తుందనుకున్నాను. ఇక్కడ, కింద, మెటర్నిటీ అన్న వరస చూడండి: 50 వేలు. అంతే. కాన్పుకి చాలా పాలసీల్లో ఇలా విడిగా ఒక పరిమితి ఉంటుంది. మీ పేపర్లో ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి.

ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీలో కాన్పు ఖర్చుకి సాధారణంగా వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ చేసుకోవడానికి ఆగాల్సిన కాలం, ఉండదు. సొంతంగా కొన్న పాలసీలో ఉంటుంది. కొన్నిట్లో 9 నెలలు, చాలావాటిలో రెండు నుంచి నాలుగేళ్లు. నెల తప్పాక కొన్న పాలసీ ఆ కాన్పుకి పనికిరాదు. అందుకే పెళ్లయిన ఏడాదే ఈ మాట మాట్లాడుకోమంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మనలో తొలి పురుడు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మ వచ్చి తీసుకెళ్తుంది. ఉద్యోగం, పాలసీ, చూపించుకున్న డాక్టరు అంతా హైదరాబాద్‌లో. కాన్పు మాత్రం అమ్మావాళ్ల ఊళ్లో. నేను అలాగే వెళ్లాను. అక్కడి హాస్పిటల్ మా పాలసీ నెట్‌వర్క్‌లో లేదని అడ్మిట్ అయిన రోజు తెలిసింది. అంటే క్యాష్‌లెస్ లేదు, ముందు మనమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. సిజేరియన్ అయింది. బిల్లు 92 వేలు. దానికి తోడు పాపకి పచ్చకామెర్లని రెండు రోజులు లైటు కింద పెట్టారు, దానికి వేరే బిల్లు.

డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర మా నాన్న నిలబడ్డారు. కూతురి పురుడు కదా, అల్లుణ్ని అడిగితే బాగుండదనుకున్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి తీసి కట్టేశారు. ఆ సంగతి నాకు మూడో నెలలో అమ్మ నోట తెలిసింది. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంకో ఆడపిల్ల పడకూడదనే ఈ వీడియో చేస్తున్నాను. పురుడు పుట్టింట్లో పోసుకోండి, అమ్మ చేతి పథ్యం తినండి. బిల్లు మాత్రం భార్యాభర్తలు మీరిద్దరే కట్టుకునేలా చూసుకోండి.

ఎలాగంటే, నెలకి 5 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రెండేళ్లకి వడ్డీ కాకుండానే 1,20,000. ఈ డబ్బు షేర్లలో పెట్టకండి, కావాల్సిన రోజున అంతా ఉండాలి. నాలుగో నెల లోపు పుట్టింటి ఊళ్లో హాస్పిటల్‌కి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: మా పాలసీ తీసుకుంటారా, మామూలు కాన్పుకి, సిజేరియన్‌కి విడివిడిగా ప్యాకేజీ ఎంత, పిల్లల డాక్టరు ఫీజు అందులో ఉందా లేదా. ఆఫీసు హెచ్‌ఆర్‌ని ఇంకొకటి అడగండి: బిడ్డకి పుట్టిన రోజు నుంచే కవర్ ఉందా, పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి?

ప్రైవేటు తప్ప దారి లేదనుకోకండి. ప్రభుత్వాసుపత్రిలో జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో అర్హత ఉంటే తొలి బిడ్డకి 5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు వస్తాయి. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే చెప్తారు.

సెలవు సంగతి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, గడిచిన 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు మీ హక్కు. అందులో కాన్పుకి ముందు 8 వారాల వరకే వాడుకోవచ్చు. సొంత పని చేసుకునేవాళ్లకి ఈ సెలవు లేదు కాబట్టి, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోవాలి. ఒక్క జీతంతో బతకడం అలవాటవ్వాలంటే ఇప్పటి నుంచే రెండో జీతం ముట్టుకోకుండా మూడు నెలలు గడిపి చూడండి. మేం రెండో బిడ్డకి ముందు ఇలాగే చేశాం, టెన్షన్ సగం తగ్గింది.

ఇక టీకాలు. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి, తర్వాత 6, 10, 14 వారాలవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఏ ఊళ్లో మొదలుపెట్టినా ఇంకో ఊళ్లో కొనసాగించవచ్చు. పుట్టింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు బిడ్డ బట్టల సంచిలో ఆ టీకాల కార్డు, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. క్లెయిమ్‌కి ఆ ఒరిజినల్సే అడుగుతారు.