పగుళ్లు పూడ్చేముందు నీళ్ల సంగతి చూడండి: రేగడి నేల మీద పాత ఇళ్ల పునాదులు

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మన పాత గుంటూరు వైపు ఇళ్లు చాలావరకు తాతల నాటివి, రాతి పునాది, సున్నంతో కట్టిన గోడలు, కొన్ని ఇంకా పెంకుటిళ్లే, కొన్ని తర్వాత డాబాలయ్యాయి, వీటన్నిటి కిందా ఉండేది నల్లరేగడి. నేను సివిల్ ఇంజనీర్‌ని, పాత ఇళ్ల రిపేర్లే నా పని. ఇవాళ గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే, ఇంటి చుట్టూ నీళ్లు సరిచెయ్యకుండా పునాది జోలికి వెళ్లొద్దు.

ముందు ఈ టేబుల్ మీద రెండు గాజు జార్లు చూడండి. మన వీధిలో డ్రైనేజీకి తవ్విన గుంటలో మట్టి తీసుకుని, ఆరబెట్టి, మెత్తగా నలిపి సన్న జల్లెడ పట్టి, ఒక్కోదాంట్లో 10 గ్రాములు వేసి, ఒకదాంట్లో నీళ్లు ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి నిన్నంతా కదపకుండా ఉంచాం. కిరోసిన్‌లో మట్టి వేసినంతే ఉంది, నీళ్లలో చూడండి, దాదాపు రెట్టింపు ఎత్తుకి వచ్చేసింది. ఇది నేను కనిపెట్టింది కాదు, 1977 నాటి ఐఎస్ కోడ్‌లో, అంటే మన దేశపు ప్రమాణాల పుస్తకంలో ఉన్న టెస్టే, కిరోసిన్‌లో కంటే నీళ్లలో 50 శాతం మించి ఉబ్బితే ఆ మట్టిని చాలా ఎక్కువ ఉబ్బే రకంగా లెక్కేస్తారు. రేగట్లో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది, దాని పొరల మధ్యకి నీళ్లు దూరితే పొరలు ఎడంగా జరుగుతాయి, ఆరిపోతే మళ్లీ దగ్గరకొస్తాయి, మే నెలలో పత్తి చేలల్లో కాలు ఇరుక్కునేంత నెర్రెలు అందుకే పడతాయి. మీ గోడ కింద జరిగేదీ అదే, కాకపోతే అక్కడ మీకు కనపడదు.

ఇక్కడ అసలు చిక్కు ఏంటంటే ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే ఏ గోడా పగలదు. ఇంటి మధ్యలో నేల మీద ఎండ పడదు, వాన పడదు, కాబట్టి అక్కడ తేమ పెద్దగా మారదు. అంచులు మాత్రం ఎండాకాలం ఆరి కుంగుతాయి, వానలకి తడిసి లేస్తాయి. అందుకే పగులు ఎప్పుడూ కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా వెళ్తుంది. దాన్ని బాగా దగ్గరికెళ్లి చూడండి, పైన వెడల్పుగా ఉండి కిందికొచ్చేసరికి సన్నబడితే మామూలుగా ఇంటి మూల కుంగుతోందని, కింద వెడల్పుగా ఉంటే మధ్య భాగం దిగుతోందనో అంచులు లేస్తున్నాయనో అర్థం. ఈ మాత్రం తెలిస్తే మేస్త్రీ ఏం చెప్తున్నాడో మీరే బేరీజు వేసుకోవచ్చు.

ఇప్పుడు పునాది లోతు సంగతి. మన పాత ఇళ్లకి పునాది మూడడుగులో నాలుగడుగులో ఉంటుంది. రేగట్లో కాలాన్ని బట్టి తేమ మారే లోతు మన దేశంలో సుమారు 3.5 మీటర్లని లెక్క, అంటే పదకొండు అడుగుల పైమాటే. మరి మూలన గొయ్యి తీసి పాత పునాది కింద ఇంకో రెండడుగులు కాంక్రీట్ పోస్తే ఏమొస్తుందండీ? అది కూడా కదిలే మట్టిలోనే ఉంది కదా. పైగా ఒక్క మూల బరువెక్కించి బిగిస్తే మిగతా ఇల్లు ఎప్పట్లాగే లేస్తూ దిగుతూ ఉంటుంది, రెండూ కలిసేచోట కొత్త పగులు వస్తుంది. డబ్బులు పెట్టి బాగుచేయించాక రెండో ఏడే మళ్లీ పగిలిందని ఏడ్చినవాళ్ల ఇళ్లలో నేను చూసింది ఎక్కువగా ఇదే, నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బుతో ఇంటి చుట్టూ అప్రాన్, అంటే గోడకి ఆనించి వేసే కాంక్రీట్ చప్టా, డ్రైను రెండూ అయిపోయేవి.

కాబట్టి నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. మున్సిపల్ కుళాయి పైపు నేల లోపల కారుతోందేమో, బాత్రూం నీళ్లు గోడ పక్కనే ఇంకుతున్నాయేమో, డాబా మీద వాననీళ్ల గొట్టం సరిగ్గా పునాది మీదే పడుతోందేమో చూడండి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్ల బేస్‌మెంట్ రోడ్డు కంటే కిందికి పోయింది, వానొస్తే వీధి నీళ్లన్నీ అరుగు కిందకే, ఇది ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు, వీధంతా కలిసి అడగాలి. ఇంకుడు గుంత మంచిదే, కానీ రేగట్లో నీళ్లు త్వరగా ఇంకవు, గోడ పక్కన తవ్వితే ఆ నీళ్లన్నీ పునాది కిందే నిలుస్తాయి, స్థలం ఉంటే దూరంగా తవ్వండి, లేకపోతే వీధి మొత్తానికి ఒకచోట తవ్వుకోండి.

ఇంటి చుట్టూ గోడకి ఆనించి ఆరడుగుల వెడల్పున, కుదరకపోతే ఉన్నంత మేర, బయటికి వాలుగా అప్రాన్ వేయించండి, కింద రేగడి కొంత తీసేసి గ్రావెల్ కొట్టి, మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, దాని మీద కాంక్రీట్. గోడకీ అప్రాన్‌కీ మధ్య జాయింట్‌లో తారు నింపాలి, అక్కడ వదిలేస్తే మిగతాదంతా దండగే.

చెట్ల గురించి ఒక మాట. గోడ పక్కన పెద్ద వేపచెట్టో రావిచెట్టో ఉంటే ఎండాకాలం అది కింద తేమంతా లాగేస్తుంది, నిజమే. అలాగని పగులు చూసి కంగారుపడి మొదలంటా నరికేస్తే ఇన్నేళ్లుగా ఎండి ఉన్న మట్టి నెమ్మదిగా తేమ పట్టి ఉబ్బడం మొదలుపెడుతుంది, అప్పుడు కుంగినచోటే పైకి లేస్తుంది. కొమ్మలు కొట్టి అదుపులో ఉంచడం మేలు.

ఇవన్నీ చేశాక ఒక ఏడాది ఆగండి. పగులుకి అటూ ఇటూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, సన్నటి గాజు ముక్క అడ్డంగా పెట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి, కదిలితే అది విరుగుతుంది. మే ఆఖర్లో ఒకసారి, తుపాను వానలయ్యాక నవంబర్‌లో ఒకసారి కొలవండి. కదలిక ఆగితే అప్పుడు పూడ్చుకోవచ్చు, సున్నం గోడని సున్నంతోనే పూడ్చండి, గట్టి సిమెంట్ పెడితే పక్కన ఉన్న మెత్తటి సున్నం పగులుతుంది. గోడ బయటికి వాలినా, దూలం ఆనుకున్న చోటు నుంచి జారుతున్నా, పగులు రోజుల్లోనే పెరుగుతున్నా మాత్రం ఏడాది లేదు ఏమీ లేదు, ఆ గది ఖాళీ చేసి వెంటనే ఇంజనీర్‌ని పిలవండి.

నీళ్లన్నీ సరిచేసినా కదులుతూనే ఉంటే అప్పుడు లోతైన పని. రూర్కీలో ఉన్న సీబీఆర్ఐ, అంటే కేంద్ర భవన పరిశోధనా సంస్థ వాళ్లు సరిగ్గా ఈ నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ తయారుచేశారు, ఇవి నేలలోకి లోతుగా దించే కాంక్రీట్ స్తంభాలు, కదిలే పొర దాటాక కింద స్తంభం కంటే రెండున్నర రెట్లు వెడల్పున గుండ్రటి ఉబ్బు ఉంటుంది, అది పట్టు ఇస్తుంది. కొత్త గది వేసేవాళ్లు ఇదే వేసుకోండి, పైల్స్ మీద బీమ్‌కీ నేలకీ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి, మట్టి ఉబ్బినా బీమ్‌ని నెట్టదు. పాత గోడ కింద అయితే ఖర్చెక్కువ, మిషన్ సందుల్లోకి రాదు, గొయ్యి కూడా ఒకేసారి పొడుగునా తవ్వకూడదు, మూడునాలుగు అడుగుల ముక్కలుగా ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీట్ గట్టిపడ్డాకే పక్కది ముట్టుకోవాలి. వానాకాలంలో అసలు వద్దు.

మన పేటలో ఉమ్మడి గోడలు ఎక్కువ, కాబట్టి తవ్వేముందు పక్కింటివాళ్లతో కూర్చుని మాట్లాడండి, వాళ్ల వైపు ఉన్న పగుళ్లని కూడా ముందే ఇద్దరూ కలిసి ఫొటోలు తీసి పెట్టుకోండి, తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో గొడవ ఉండదు. మీ ఇంటి ఫొటోలు తెచ్చినవాళ్లు ఇటు రండి, పెద్దమ్మగారూ, ముందు మీరు రండి, ఆ వంటింటి గోడ ఏదో చూద్దాం.