గంటకి 120 గ్రాములా? రేస్ వారంలో ఆ అంకె జోలికి పోకండి!

సూటిగా చెప్పేస్తున్నా. ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ (ఒకే రోజు ఈత, సైకిల్, పరుగు) రేస్‌కి వారం ముందు కూర్చుని "ఈసారి గంటకి 120 గ్రాముల కార్బ్స్ తీసుకుంటా" అని కొత్తగా నిర్ణయించుకున్నారా, మీ మారథాన్ అక్కడితో అయిపోయింది. ఈత ఇంకా మొదలవలేదు, బైక్ ఇంకా పెట్టెలోంచి బయటికి రాలేదు, పరుగు మాత్రం పోయింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. ఇంత దూరం కోసం నెలల తరబడి ఒళ్లు హూనం చేసుకుని, చివరికి ఒక పొడి ప్యాకెట్ మీద అచ్చేసిన అంకె చేతిలో ఓడిపోతారా?

గొడవ మీకు తెలిసిందే. ప్రోలు, అంటే ప్రొఫెషనల్ అథ్లెట్లు, గంటకి 120, కొందరైతే అంతకంటే ఎక్కువే తీసుకుంటున్నారు, మనమూ తీసుకోవాల్సిందే అని ఒక పక్షం. 90 దాటితే ఏ కడుపూ తట్టుకోదని ఇంకో పక్షం. రెండు పక్షాలూ అసలు ప్రశ్న అడగడం లేదు. ఆ 120 ఎంత పని చేసే ఒంటికి, ఎన్ని గంటల రైడ్‌కి?

లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి. 300 వాట్స్‌తో గంటసేపు తొక్కితే పెడల్స్ మీద జరిగే పని 1,080 కిలోజౌల్స్. కండరాలు తాము ఖర్చుపెట్టే శక్తిలో పావు వంతుకి అటూ ఇటూగానే పనిగా మారుస్తాయి. అందుకే ఎన్ని కిలోజౌల్స్ పని జరిగితే దాదాపు అన్ని కేలరీలు ఖర్చయినట్టు. అంటే ప్రో గంటకి దాదాపు 1,080 కేలరీలు కాలుస్తున్నాడు. 120 గ్రాముల కార్బ్స్ ఇచ్చేది 480. అతని ఖర్చులో సగం కూడా కాదు. ఇప్పుడు 150 వాట్స్‌తో వెళ్లేవాళ్లని తీసుకోండి. ఖర్చు 540 కేలరీలు, నోట్లో పోసుకునేది 480! ఒంట్లో ఉన్న కొవ్వు కాలడానికి ఇంక చోటెక్కడ మిగిలింది? అదీగాక ప్రో నాలుగు గంటలకి కాస్త అటూ ఇటూగా బైక్ దిగిపోతాడు, మొత్తం 480 గ్రాములు. మీరు ఏడు గంటలు తొక్కితే 840 గ్రాములు. ఇది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం కాక ఇంకేంటి?

పేగుల్లో ఏం జరుగుతుందో చూడండి. గ్లూకోజ్‌ని రక్తంలోకి దాటించే దారి ఒకటుంది, ఎస్‌జీఎల్‌టీ1 అంటారు. అది గంటకి సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. ఫ్రక్టోజ్‌కి జీఎల్‌యూటీ5 అని వేరే దారి ఉంది. 60 దాటాలంటే రెండు దారులూ వాడాల్సిందే. 90 గ్రాములకైతే 60 గ్లూకోజ్, 30 ఫ్రక్టోజ్. 120కి ఇప్పుడు నడుస్తున్న నిష్పత్తి 1కి 0.8, అంటే దాదాపు 67 గ్లూకోజ్, 53 ఫ్రక్టోజ్. మరి చాలామంది ఏం చేస్తున్నారు? ఉత్త మాల్టోడెక్స్‌ట్రిన్ పొడి కొని 120 గ్రాములు తూచి బాటిల్లో పోస్తున్నారు! మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే గ్లూకోజ్ గొలుసే కదండీ. అదీ ఆ ఒక్క దారిలోనే పోవాలి. మిగిలిన సగం పేగుల్లో నిలబడిపోయి నీళ్లని లోపలికి లాక్కుంటుంది, పులిసి గ్యాస్ అవుతుంది. రన్‌లో పదో కిలోమీటర్ దగ్గర టాయిలెట్ ముందు వరుస కట్టేవాళ్లలో చాలామంది ఇలా తయారైనవాళ్లే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పేగులకి శిక్షణ ఇవ్వొచ్చు, నిజమే. కానీ దానికి వారాలు కావాలి, రేస్ వేగంతో చేసే లాంగ్ రైడ్లు కావాలి. ఆరు రోజుల్లో అయ్యే పని కాదు. కాబట్టి ఈ వారం మీ అంకె ఒక్కటే: గత రెండు నెలల్లో నాలుగు గంటలు దాటిన రైడ్‌లో, రేస్ వాట్స్ దగ్గర, త్రేన్పులు, ఉబ్బరం లేకుండా మీ కడుపు ఒప్పుకున్న గ్రాములు. అది 60 అయితే 60. 75 అయితే 75. ఎండ మండిపోతుంటే దాంట్లోంచి ఇంకో పది తగ్గించండి. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కడుపుకి అందేది తగ్గిపోతుంది.

వేడి అనగానే 2025లో హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ రేస్ గుర్తొస్తుంది. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ముందు వరుసలో ఉన్న లూసీ చార్ల్స్-బార్క్లే, టేలర్ నిబ్ ఇద్దరూ మారథాన్ మధ్యలో ఆగిపోయారు. నిబ్ అయితే లీడ్‌లో ఉండి, ఫినిష్ ఇంకా కొద్ది కిలోమీటర్లే ఉందనగా. చివరికి సోల్వేగ్ లోవ్‌సెత్ గెలిచింది. అన్నీ కొలిచి చూసుకునే టీమ్‌లున్న వాళ్లనే ఎండ అలా కూలదోస్తే, ఎండలో ఒక్కసారి కూడా పరీక్షించని ప్లాన్‌తో వెళ్లడానికి మనకి ధైర్యం ఎలా వస్తుంది?

సరే, బాటిల్. ఇక్కడ కాసేపు ఆగాలి. 750 మిల్లీలీటర్ల బాటిల్లో 240 గ్రాముల పొడి కలిపారనుకోండి, 100 మిల్లీలీటర్లకి 32 గ్రాములు. మామూలు స్పోర్ట్స్ డ్రింక్‌లో ఉండేది 6 నుంచి 8. మీ చేతిలో ఉన్నది పానకం కాదు, పాకం! పాకం తప్పని నేననను, కానీ దాని పక్కన ఉత్త నీళ్ల బాటిల్ ఉండి తీరాలి. పాకం ఒక గుక్క, వెంటనే నీళ్లు మూడు నాలుగు గుక్కలు. చిన్న ప్యాకెట్లలో వచ్చే కార్బ్స్ జెల్ కూడా నీళ్లతోనే, స్పోర్ట్స్ డ్రింక్‌తో కాదు. చక్కెర మీద చక్కెర పడితే కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది.

ఇంకో ఘోరం ఉంది. ఆ పాకం బాటిల్‌ని తీసుకెళ్లి సీటు వెనక కేజ్‌లో పెడతారు. ట్రాన్సిషన్ (ఈత నుంచి సైకిల్‌కి మారే చోటు) దాటగానే మొదటి స్పీడ్ బ్రేకర్. బాటిల్ ఎగిరి రోడ్డు మీద పడుతుంది, అప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవడం! రేస్ మొత్తం తిండి ఆ ఒక్క బాటిల్లోనే ఉంటే ఇంకేముంది? పాకం ఎప్పుడూ ఫ్రేమ్ మీద గానీ, ఏరోబార్ల (ముందుకి వంగి మోచేతులు ఆనించే హ్యాండిళ్లు) మధ్య గానీ. వెనక కేజ్‌లో నీళ్లు పెట్టుకోండి. పోతే పోయాయి, ఎయిడ్ స్టేషన్‌లో మళ్లీ దొరుకుతాయి.

కార్బ్ లోడింగ్, అంటే రేస్‌కి ముందు కార్బ్స్ బాగా తిని ఒంట్లో నిల్వ చేసుకోవడం, చివరి 36 నుంచి 48 గంటలే, వారమంతా కాదు. కిలో బరువుకి రోజుకి 8 నుంచి 10 గ్రాములు. 70 కిలోల మనిషికి 560 నుంచి 700. తెల్లన్నం, తెల్ల బ్రెడ్, జ్యూస్, ఇలాంటివి. పీచు, నూనె తగ్గించండి. పెద్ద భోజనం ముందురోజు మధ్యాహ్నమే ముగించి రాత్రి తేలిగ్గా తినండి. బరువు ఒకటి రెండు కిలోలు పెరుగుతుంది. చూసి కంగారుపడి తిండి మానేయకండి! ఒంట్లో కార్బ్స్ నిల్వ ఉండే రూపం గ్లైకోజెన్, అది ప్రతి గ్రాముకీ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని నిలబెట్టుకుంటుంది. ఆ బరువు మీరు కూడబెట్టుకున్న సరుకు. రేస్ రోజు స్టార్ట్‌కి మూడు గంటల ముందు కిలోకి 2 గ్రాముల లెక్కన తిని ఆపేయండి.

నీళ్లు కూడా కొలిచే తాగాలి. గంటసేపు రేస్ వేగంతో తొక్కండి, ముందూ వెనకా బట్టల్లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన కిలోలకి తాగిన లీటర్లు కలిపితే అదే మీ గంట చెమట. అంతకు మించి తాగకండి. ముందురోజంతా ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు తాగేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. రక్తంలో సోడియం పలచబడితే ప్రాణం మీదకొస్తుంది. వేళ్లు ఉబ్బి వాచ్ పట్టీ బిగుసుకుంటోందా, తలనొప్పి, వాంతి వస్తున్నాయా, ఇంకా నీళ్లు తాగకుండా వెంటనే మెడికల్ టెంట్‌కి వెళ్లండి.

బైక్ గురించి రెండు ముక్కలు. విమానంలో వచ్చిన బైక్‌కి డీరెయిలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగి ఉండొచ్చు. స్టాండ్ మీద గేర్లు సరిగ్గానే పడతాయి, ఎక్కువ బలంతో తొక్కేసరికి చెయిన్ స్పోక్స్‌లో పడొచ్చు. చెకిన్‌కి ఇవ్వకముందే అరగంట రోడ్డు మీద అన్ని గేర్లూ వాడి చూడండి. సీట్‌పోస్ట్ ఎత్తు దగ్గర టేప్ అంటించి, బోల్టు ఫ్రేమ్ మీద రాసిన టార్క్ వరకే బిగించండి. ముందురోజు ఎండలో నిలబెట్టే బైక్‌లో గాలి తగ్గించి, రేస్ పొద్దున మళ్లీ కొట్టండి. లేటెక్స్ ట్యూబ్ అయితే రాత్రికి రాత్రే దిగిపోతుంది. డిస్క్ వీల్‌కి (స్పోక్స్ కనబడకుండా పూర్తిగా మూసి ఉండే చక్రం) మీ పంపు తల పడుతుందో లేదో ముందే చూసుకోండి, రేస్ పొద్దున చీకట్లో అడాప్టర్ కోసం పక్కవాళ్లని బతిమాలాల్సిన పని ఉండదు. టైర్ 28 మిల్లీమీటర్లదైతే పంక్చరైతే గాలి నింపడానికి 16 గ్రాముల సీఓటూ సిలిండర్లు రెండు పెట్టుకోండి.

ఈత నుంచి బయటికొచ్చి బైక్ ఎక్కాక మొదటి 15 నుంచి 20 నిమిషాలు చిన్న గుక్కలే. గుండె వేగం దిగాక తిండి మొదలు. బైక్ మీద వాట్స్ మీ ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ వాట్స్) 65 నుంచి 72 శాతం, అంతే. కడుపులో నీళ్లు కదులుతున్నట్టు అనిపిస్తే వాట్స్ తగ్గించి, ఇరవై నిమిషాలు పాకం ఆపి, కొద్దికొద్దిగా నీళ్లు మాత్రమే. రన్‌లో కుదుపులకి కడుపు ఒప్పుకునేది ఇంకా తగ్గుతుంది. ట్రైనింగ్ పరుగుల్లో 40 గ్రాములే పట్టిందా, ఇక్కడా 40తోనే నడపండి.

120 పక్షం వాళ్లు నన్ను తిట్టుకునే ముందు మూడు అంకెలు కింద రాయండి: రేస్ వాట్స్, 180 కిలోమీటర్లకి పట్టే గంటలు, చివరి లాంగ్ రైడ్‌లో కడుపు ఒప్పుకున్న గ్రాములు. అవి చూసి వాదించుకుందాం.