జ్యూరిక్ నుంచి మిలాన్‌కి రైల్లో: ఆల్ప్స్ చూడాలంటే ఏ దారి?

"జ్యూరిక్ నుంచి మిలాన్‌కి వెళ్తున్నామండీ, ఆల్ప్స్ బాగా కనిపించే రైలు ఏది?"

యూరప్ బయల్దేరే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పేలోపే యాప్ తెరిచి, అన్నిటికన్నా పైన కనిపించిన రైలు బుక్ చేసేసి ఉంటారు. యూరోసిటీ, అంటే దేశాల మధ్య తిరిగే ఎక్స్‌ప్రెస్ రైలు, సుమారు 3 గంటల 20 నిమిషాలు. తిరిగొచ్చాక ఫోన్ చేస్తారు. "కొండలు దగ్గరికొస్తున్నాయని కెమెరా తీశాం, రైలు చీకట్లోకి దూరింది. వెలుతురు వచ్చేసరికి కొండలు వెనకపడ్డాయి" అని. డబ్బు పెట్టి, సెలవు పెట్టుకుని అంత దూరం వెళ్లినవాళ్లు ఆ మాట అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ వీడియో.

[తెర మీద: జ్యూరిక్–మిలాన్ మ్యాప్, మూడు రంగుల్లో మూడు దారులు]

ఆ రైలుది తప్పేం లేదు. అది వెళ్లేది గోట్‌హార్డ్ బేస్ టన్నెల్ గుండా. పొడవు 57 కిలోమీటర్లు, ప్రపంచంలో దీన్ని మించిన రైలు సొరంగం లేదు. ఎర్స్ట్‌ఫెల్డ్ దగ్గర లోపలికి దూరి, ఇంచుమించు 20 నిమిషాల తర్వాత బోడియో దగ్గర బయటపడుతుంది. కొన్నిచోట్ల మీ నెత్తి మీద 2,300 మీటర్ల రాయి ఉంటుంది. మీరు చూడాలనుకున్న ఆల్ప్స్ అదే!

విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్లినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది కదా. సొరంగం, వంతెన, లోయ, మళ్లీ సొరంగం. చీకటి పడ్డప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలు. ఇప్పుడు ఎస్.కోట దగ్గరే కొండ కడుపులోకి ఒకటే సొరంగం తవ్వి, తిన్నగా అరకులో తేల్చారనుకోండి. బోలెడు టైమ్ కలిసొస్తుంది. బొర్రా గుహలు ఎక్కడో పైన ఉండిపోతాయి. ఆ రైలు ఎక్కుతారా? అరకులో ఉద్యోగమైతే రోజూ ఎక్కుతారు. అరకు చూడ్డానికైతే ఎక్కరు.

మరి స్విట్జర్లాండ్ వాళ్లు అంత అందాన్ని వదిలేసి కొండ అడుగున ఎందుకు తవ్వారు? సరుకు కోసం. ఉత్తర యూరప్ నుంచి ఇటలీకి వెళ్లే లారీలు బోలెడు వాళ్ల లోయల్లోంచి పోయేవి. పొగ, చప్పుడు. 1992లో దేశమంతా ఓటేసి ఈ కొత్త రైలు మార్గాల పథకానికి ఒప్పుకుంది. 1994లో మళ్లీ ఓటేసి, దేశం మీదుగా పోయే సరుకు రోడ్డు వదిలి రైలెక్కాలని తేల్చింది. బరువైన గూడ్సు బండికి ఎత్తు ఎక్కడమే కష్టం. పాత దారిలో పట్టాలు 1,150 మీటర్ల ఎత్తు దాకా ఎక్కేవి, కొత్త సొరంగంలో 549 మీటర్లు దాటవు. ఆ సొరంగంలో రైళ్లు 2016లో మొదలయ్యాయి. ఒక దేశం తన లోయల కోసం ఇంత పని చెయ్యడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ మన టూర్‌కీ ఆ అవసరానికీ సంబంధం లేదు.

[తెర మీద: పాత లైను, వాసెన్ మలుపులు పెద్దగా]

ఇక రెండో దారి. చాలామందికి తెలియంది ఏంటంటే, పాత గోట్‌హార్డ్ లైను మూతపడలేదు. 1882 నాటి ఆ పట్టాల మీద ఇప్పటికీ రోజంతా రైళ్లు తిరుగుతున్నాయి. రాగి రంగు బండి, పేరు ట్రెనో గొట్టార్దో.

ఈ లైనులో నాకు ప్రాణమైన చోటు వాసెన్. చిన్న ఊరు, గుట్ట మీద తెల్లటి చర్చి. లోయ అక్కడ ఎంత నిటారుగా లేస్తుందంటే రైలు తిన్నగా ఎక్కలేదు. అందుకని పట్టాలని కొండ లోపలే గుండ్రంగా తిప్పారు. రైలు సొరంగంలోకి దూరి, లోపల చుట్టు తిరిగి, దూరిన చోటుకి కాస్త పైన బయటికొస్తుంది. ఆ తర్వాత వెనక్కి మళ్లి, మళ్లీ ముందుకి. దాంతో ఆ ఒక్క చర్చే మూడుసార్లు కనిపిస్తుంది. మొదటిసారి తలెత్తి చూస్తారు. రెండోసారి కిటికీకి ఎదురుగా. మూడోసారి కింద, బొమ్మలా. మీరెంత ఎత్తు ఎక్కారో ఆ చర్చే చెబుతుంది. చిన్నపిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి లెక్కపెట్టమనండి.

అది దాటాక గోషెనెన్, అక్కడ 15 కిలోమీటర్ల పాత సొరంగం, అవతల ఐరోలో. ఆ సొరంగం కాంట్రాక్టు తీసుకున్న లూయీ ఫావ్ర్ 1879లో సొరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు. రెండు వైపుల తవ్వకాలు కలిసింది ఆ మరుసటేడు. కూలీలూ ఎందరో పోయారు. అందుకే ఆ చీకట్లోకి రైలు వెళ్లేటప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేస్తాను.

ఈ పాత లైను రైలుని యాప్‌లో ఎలా పట్టాలి? అసలు చిక్కంతా ఇక్కడే. మీరు జ్యూరిక్, మిలాన్ అని కొడితే, యాప్ మీకు వేగంగా చేర్చేవే ముందు చూపిస్తుంది. దానికి మీ మనసులో ఏముందో తెలీదు కదా. స్విస్ రైల్వే యాప్‌లో "వయా" అని ఒక గడి ఉంటుంది. అందులో గోషెనెన్ అని రాయండి, స్పెల్లింగ్ తెర మీద వేస్తున్నా. జాబితా మొత్తం మారిపోతుంది. కొన్ని బళ్లు జ్యూరిక్ నుంచి నేరుగా ఉంటాయి, కొన్నిటికి ఆర్ట్-గోల్డావ్‌లో మారాలి. బెల్లింజోనాలో దిగి మిలాన్ వైపు బండి పట్టుకుంటే మొత్తం ఐదు గంటలకి అటూ ఇటూ. ట్రెనో గొట్టార్దోకి రిజర్వేషన్ అక్కర్లేదు. యూరోసిటీలో సరిహద్దు దాటాలంటే మాత్రం సీటు రిజర్వేషన్ తప్పనిసరి.

[తెర మీద: బెర్నినా, ఎర్ర రైలు]

మూడో దారి బెర్నినా కనుమ మీదుగా. జ్యూరిక్ నుంచి కూర్, కూర్ నుంచి సెయింట్ మోరిట్జ్, అక్కణ్నుంచి ఎర్ర రైల్లో టిరానో, టిరానో నుంచి మిలాన్. తొమ్మిది గంటల పని, ఒక రోజు పోయినట్టే. కానీ ఏం రోజండీ! 1910లో పూర్తయిన మీటర్ గేజ్ లైను. పళ్ల చక్రం సాయం లేకుండానే 2,253 మీటర్ల ఎత్తుకి ఎక్కి, టిరానోలో 430 మీటర్లకి దిగుతుంది. పైన మంచు, కింద ద్రాక్ష తోటలు. బ్రూజియో దగ్గర రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి తన కిందనుంచి తనే వెళ్తుంది.

ఇక్కడ మళ్లీ అరకుకే వద్దాం. కిరండూల్ బండికి అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది, మామూలు పెట్టెలూ ఉన్నాయి. పట్టాలవే, లోయలవే. బెర్నినా ఎక్స్‌ప్రెస్ కూడా అంతే. పెద్ద అద్దాలు, తప్పనిసరి రిజర్వేషన్, దానికి వేరే డబ్బు. అవే పట్టాల మీద మామూలు లోకల్ కూడా తిరుగుతుంది. రిజర్వేషన్ లేదు, కొన్ని పెట్టెల్లో కిటికీలు తెరుచుకుంటాయి, నచ్చిన స్టేషన్లో దిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. నన్నడిగితే లోకలే. అద్దంలో మన మొహం పడని ఫొటోలు దాంట్లోనే వస్తాయి. సెయింట్ మోరిట్జ్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, లాగో బియాంకో సరస్సు అటే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

మర్నాడు పొద్దున్నే మిలాన్‌లో విమానమో, పెద్ద సూట్‌కేసులు నాలుగో ఉంటే యూరోసిటీయే ఎక్కండి, లుగానో దగ్గర సరస్సు ఎలాగూ కనిపిస్తుంది. పగలంతా చేతిలో ఉంటే పాత గోట్‌హార్డ్. మధ్యలో ఒక రాత్రి ఆగగలిగితే బెర్నినా. డిసెంబరులో ఐదు కాకముందే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరండి.

స్విస్ ట్రావెల్ పాస్ కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అది పాత లైనులో సరిహద్దు ఊరు కియాసో దాకా, బెర్నినాలో టిరానో దాకా చెల్లుతుంది. ఆ తర్వాత ఇటలీ టికెట్ వేరే. ఇటలీ లోకల్ బళ్లకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా.

టిరానోలో స్విస్ స్టేషనూ ఇటలీ స్టేషనూ పక్కపక్కనే. మిలాన్ బళ్లు మాత్రం ఇంచుమించు రెండు గంటలకొకటి. దిగగానే ముందు ఆ టైమ్ చూసుకుని, ఆ తర్వాతే భోజనానికి వెళ్లండి.