సాయంత్రం పావుగంట మేకల దగ్గర

అందరికీ నమస్కారం.

మేకలు పెంచుదామనుకునేవాళ్లు ముందుగా పాక ఎంత ఉండాలి, మేత ఎంత వేయాలి అని అడుగుతారు. అవి నాలుగు రోజుల్లో తెలిసిపోతాయి. నాకు ఏళ్లు పట్టింది ఒక్కటే, మేకను ఊరికే చూడటం.

మంద ఇంటికి చేరాక ఒక పావుగంట అక్కడే కూర్చోండి. ఏది నెమరేస్తోంది? ఏది తల వేలాడేసి విడిగా నిలబడింది? ఎడమ డొక్క డోలులా ఉబ్బిందా? ఉబ్బరం వస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు. తెల్లారాక చూద్దాంలే అంటే కుదరదు.

తర్వాత కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా లాగి లోపల రంగు చూడండి. ఎర్రగా ఉంటే ఫర్వాలేదు. పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు, అంటే పురుగులు, రక్తం తాగుతున్నాయేమోనని అనుమానించాలి. ఒకసారి, మేత తింటోంది కదా అని నేను పట్టించుకోలేదు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేదాకా నా కళ్లు తెరుచుకోలేదు. మంచి పాడిమేక, దక్కలేదు. అలాగని మందకంతా నెలనెలా మందు తాగించడం మొదలెట్టకండి, నట్టలు ఆ మందుకు లొంగడం మానేస్తాయి. నట్టల పిల్లలు ఉండేది నేలకు దగ్గరగా, గడ్డిలో. మేక అసలు తల పైకెత్తి ఆకు తినే జీవి. కొమ్మలు కట్టి ఎత్తులో వేలాడదీస్తే సగం బెడద అక్కడే తగ్గుతుంది.

చూడి కాలం సుమారు 150 రోజులు. పోతుతో దాటించిన తేదీ గోడమీద రాసిపెట్టుకుంటే ఈనే వేళకు టెన్షన్ ఉండదు. పిల్ల పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించాలి, బొడ్డుకు అయోడిన్ పూయాలి. మిగతాది తల్లి నాకుతూ చూసుకుంటుంది, మనం అడ్డం రాకుండా ఉంటే చాలు.

ఇక ఇంటిల్లిపాదీ కలిసి ఊరెళ్లడం మరిచిపోండి. మొన్న ఒక పెళ్లికి మా అమ్మాయిని కాపలా ఉంచి వెళ్లాం. సరిగ్గా విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఫోన్ చేసింది: "నాన్నా, నల్లది నెమరేయట్లేదు." సగంలో లేచి వచ్చేశాను. వచ్చేసరికి అది మోకాళ్లు ముడుచుకుని పడుకుని, కళ్లు సగం మూసి, తాపీగా నెమరేస్తోంది.